బరంపురం నడిబజారులో నలభై అంతస్తులు ఎందుకు లేవు?

(ఒడిశాలోని బరంపురంలో తెలుగువారి నెలవారీ సమావేశంలో ఒక రిటైర్డ్ స్ట్రక్చరల్ ఇంజనీరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

పెద్దలందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? సరే.

ఈ సమావేశం చూసుకునే మాస్టారు నన్ను పిలుస్తూ ఒక షరతు పెట్టారు. "కాంక్రీటు లెక్కలు చెప్పకండి బాబూ, భోజనాల తరవాత మీటింగు, అందరూ నిద్రపోతారు" అన్నారు. అందుకని కాంక్రీటు కన్నా మనుషుల గురించే ఎక్కువ చెప్తాను. నిజానికి మన నడిబజారులో టవర్లు ఎందుకు లేవన్న విషయంలో కాంక్రీటు పాత్ర చాలా తక్కువ.

మా బావగారు పోయిన ఏడాది అమెరికా వెళ్ళొచ్చారు. కొడుకు శాన్ హోసేలో ఉంటాడు. మీలోనూ చాలామంది పిల్లలు ఆ చుట్టుపక్కలే ఉన్నారు కదా. తిరిగొచ్చాక అరుగు మీద కూర్చుని, "ఏం బావా, ప్రపంచంలో కంప్యూటర్లన్నీ అక్కణ్ణించే నడుస్తాయంటారు. తీరా ఊరి నడిబొడ్డు చూస్తే మన వైజాగ్‌కి కూడా సరిపోదు. ఒక్క పెద్ద టవరూ లేదు. ఫోటో తీసి పంపుదామంటే తీయడానికి ఏమీ లేదు" అన్నారు. పాపం, చాలా నిరాశపడ్డారు.

శాన్ హోసేలో డబ్బు లేకనా? అక్కడ ఒక మామూలు ఇంటి ఖరీదుకి ఇక్కడ ఒక వీధి వీధంతా కొనేయొచ్చు. పదిలక్షల మందికి దగ్గర జనాభా ఉన్న ఊరది. అయినా నడిబొడ్డున ఏ భవనమూ దాదాపు తొంభై మీటర్లు దాటదు. కారణం తల పైకెత్తితే కనిపిస్తుంది. నిమిషానికో విమానం. ఆ ఊరి ఎయిర్‌పోర్టు డౌన్‌టౌన్‌కి కూతవేటు దూరంలో ఉంది. రన్‌వేకి నేరుగా ఎదురుగా డౌన్‌టౌన్. ఎగిరే విమానానికి ఒక ఇంజను చెడిపోయినా, మిగిలిన దానితో ఆ భవనాల మీదుగా క్షేమంగా పైకెక్కగలగాలి. ఆ లెక్క వేసి గీత గీశారు. ఆ గీత పైన ఎంత డబ్బున్నా ఒక్క ఇటుక కూడా పెట్టడానికి లేదు. శాన్ డియేగోలోనూ ఇదే కథ, అక్కడ గీత ఐదువందల అడుగుల దగ్గర ఉంది.

దీనికి తోడు ఆ కంపెనీల అలవాటు ఒకటుంది. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఎత్తు అక్కర్లేదు, వైశాల్యం కావాలి. ఆపిల్ కంపెనీ 2017లో తెరిచిన ఆఫీసు ఉంగరంలా గుండ్రంగా, ఎంతో పెద్దగా ఉంటుంది. భూమి మీద నాలుగే అంతస్తులు. కాబట్టి టవర్ లేని ఊరు పేద ఊరు అనుకోవడం మానేద్దాం. అలా అనుకునేవాళ్ళు మన ఊరి గురించీ అదే మాట అంటున్నారు, అందుకే మొదట ఇది చెప్పాను.

రెండో అపోహ. "నేల గట్టిగా ఉంటేనే టవర్లు లేస్తాయి." ఇది మా ఇంజనీర్లే బాగా ప్రచారం చేశారు. నేను కూడా కాలేజీలో ఇదే చదివాను. న్యూయార్క్‌లో మన్‌హట్టన్ అనే దీవి ఉంది కదా. దాని దక్షిణ కొసన టవర్ల గుంపు, మధ్యలో ఇంకో టవర్ల గుంపు. రెంటికీ నడుమ పొట్టి ఇళ్ళు. రెండు చోట్లా రాయి పైకి ఉంది, నడుమ లోతుకి దిగిపోయింది, అందుకే అక్కడ కట్టలేదు అని చెప్పేవారు. వినడానికి ఎంత బాగుందో! జేసన్ బార్ అనే ఆర్థికవేత్త, ఆయన సహచరులు పాత లెక్కలన్నీ తీసి 2011లో వ్యాసం ప్రచురించారు. లోతుగా పునాది వేయడానికి అయ్యే అదనపు ఖర్చు ఆ స్థలాల ధర ముందు పెద్ద లెక్కలోకి రాదని తేల్చారు. ఆ నడుమ ప్రాంతంలో ఉన్నది వలస వచ్చిన కూలీల ఇళ్ళు, చిన్న ఫ్యాక్టరీలు. అక్కడ ఆఫీసు పెట్టాలన్న కోరిక ఏ బ్యాంకుకీ లేదు. అందుకే కట్టలేదు.

షికాగో చూడండి. 1885లో ఇనుప చట్రం మీద పదంతస్తుల హోమ్ ఇన్సూరెన్స్ భవనం కట్టింది అక్కడే. మొదటి ఆకాశహర్మ్యం అని చాలామంది దాన్నే చెప్తారు. ఆ ఊరి కింద ఉన్నది మెత్తటి బంకమన్ను. మన దిబ్బల మీద తాటిచెట్టు నిలబడినట్టు వాళ్ళు బురద మీద భవనాలు నిలబెట్టారు. డబ్బొచ్చే చోట ఇంజనీరు నేలని ఎలాగోలా ఒప్పిస్తాడు. తుపాను సంగతి కూడా అంతే. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది, ఆ రాత్రి మీకు నేను గుర్తు చేయక్కర్లేదు. గాలి వేగం రెట్టింపైతే గోడ మీద దెబ్బ నాలుగు రెట్లు అవుతుంది. కాబట్టి మన తీరంలో ఎత్తు కట్టడానికి ఉక్కు ఎక్కువ పడుతుంది, నిజమే. కానీ హాంకాంగ్‌ని ఏటా తుపాన్లు కొడతాయి, అక్కడున్నన్ని టవర్లు ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. గాలిని సాకుగా చెప్పేవాళ్ళని నమ్మకండి.

మరి అసలు సంగతి ఏమిటి?

లిఫ్టుతో మొదలుపెడతాను. 1854లో న్యూయార్క్ ఎగ్జిబిషన్‌లో ఓటిస్ అనే ఆయన లిఫ్టు మీద నిలబడి, జనం చూస్తుండగా తాడు కోయించాడు. లిఫ్టు పడలేదు. అప్పటిదాకా పై అంతస్తు అంటే పేదవాడికి, విద్యార్థికి. మన మెడికల్ కాలేజీ పిల్లలకి మేడ మీద గది అద్దెకిచ్చినట్టు. లిఫ్టు వచ్చాక పై అంతస్తే ఖరీదైపోయింది. కానీ లిఫ్టు ఉచితంగా రాదు. అంతస్తులు పెరిగిన కొద్దీ లిఫ్టులు పెరగాలి. ప్రతి లిఫ్టుకీ కింది నుంచి పై దాకా ఒక గొయ్యి కావాలి, అది ప్రతి అంతస్తులోనూ చోటు తినేస్తుంది. న్యూయార్క్ జంట టవర్లలో దీనికి ఒక ఉపాయం పట్టారు. ఎలాగంటే, గొళంత్రలో ఎక్స్‌ప్రెస్ ఆగదు. మీరు బరంపురంలో దిగి ప్యాసింజర్ ఎక్కుతారు. అలాగే అక్కడ పెద్ద లిఫ్టులో మధ్య అంతస్తుకి వెళ్ళి, దిగి, చిన్న లిఫ్టు ఎక్కాల్సి ఉండేది. దాంతో కొంత చోటు మిగిలింది. అయినా ఒక ఎత్తు దాటాక, కొత్త అంతస్తు తెచ్చే అద్దె కన్నా దానికయ్యే ఖర్చే ఎక్కువ. 1930లో క్లార్క్, కింగ్‌స్టన్ అనే ఇద్దరు న్యూయార్క్ నడిబొడ్డున ఒక స్థలం తీసుకుని లెక్క కట్టారు. అరవై మూడు అంతస్తుల దగ్గర లాభం ఎక్కువని వచ్చింది. అది ప్రపంచంలోకెల్లా ఖరీదైన నేల మీద! నేల ధర తగ్గుతూ పోతే ఆ అరవై మూడు ముప్ఫై అవుతుంది, పది అవుతుంది. మన దగ్గర ఎంతవుతుందో ఊహించుకోండి.

మన బడాబజారులో నిలబడి చూడండి. వీధి మీది కొట్టుకి పగిడీ, అంటే అద్దెకి దిగేముందు ఇచ్చే సొమ్ము, ఎంతో మీకే తెలుసు, చెప్తే పక్కవాళ్ళు వింటారు. (నవ్వులు) దాని పైన మేడ మీద? చీరల గోడౌను. పెళ్ళికి పట్టుచీర కొనడానికొచ్చిన వాళ్ళు, ముసలమ్మతో సహా పన్నెండు మంది, మెట్లెక్కరు. కింద చాప పరిచి, ముప్ఫై చీరలు విప్పి పోస్తేనే బేరం. అంటే ఇక్కడ డబ్బంతా నేల మీదే ఉంది. పైన లేదు. పై అంతస్తుకి అద్దె ఇచ్చేవాళ్ళు ఎవరు? బ్యాంకులు, ఇన్సూరెన్సులు, సర్కారు ఆఫీసులు, లాయర్లు. మన జిల్లా ఆఫీసులు ఎక్కడున్నాయి? ఛత్రపురంలో. మద్రాసు రాజధానిగా ఉన్ననాటి నుంచీ అంతే. యూనివర్సిటీ ఊరి బయట భంజబిహార్‌లో. రేవు గోపాలపురంలో. ఊరేమో ఇక్కడ. ఒకచోట కుప్ప పడితే టవరయ్యే పనిని మనం నాలుగు ఊళ్ళకి పంచిపెట్టాం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డాక మన పిల్లల చూపు కటకం, భువనేశ్వర్ వైపు కొంత, వైజాగ్ వైపు కొంత పోయింది. ఇది ఫిర్యాదు కాదు, లెక్క.

ఇప్పుడు నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద కారణం. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, మాస్టారు గడియారం చూడకూడదు.

నేను ఉద్యోగానికి బొంబాయి వెళ్ళిన నాటికి అక్కడ మిల్లు కార్మికుల సమ్మె అయిపోయి కొన్నేళ్ళే అయింది. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మె. సుమారు రెండున్నర లక్షల మంది. అందులో మన తెలుగు పద్మశాలీలు, కామాఠీలు ఎంతమందో. మిల్లులు మళ్ళీ పూర్తిగా తెరుచుకోలేదు. ఆ పొగగొట్టాల స్థలాల్లోనే, లోయర్ పరేల్లో, వర్లీలో, ఇప్పుడు మీరు సినిమాల్లో చూసే టవర్లు లేచాయి. అక్కణ్ణించి కొంచెం దక్షిణంగా వెళ్తే కాల్బాదేవి, భులేశ్వర్. నడిబొడ్డు అంటే అసలు అదే. వ్యాపారమంతా అక్కడే. అక్కడ మాత్రం నాలుగంతస్తుల పాత మేడలు, చెక్క మెట్లు, వాలిపోయిన బాల్కనీలు. కాలినడకన పోయేంత దూరంలో ఈ తేడా ఎందుకొచ్చింది?

మిల్లు స్థలం ఎకరాల కొద్దీ ఉండేది, యజమాని ఒక్కడు. ఒక సంతకం. కాల్బాదేవిలో గజం గజానికీ ఒక యజమాని, ఆ యజమాని కింద పాతికమంది అద్దెదారులు. 1947 నాటి అద్దె చట్టం వాళ్ళ అద్దెని 1940 నాటి రేటు దగ్గర కట్టేసింది. తాత కట్టిన అద్దే మనవడూ కట్టేవాడు, వాడు కదలడు. యజమానికి వచ్చే అద్దె వెల్లవేయడానికి కూడా చాలదు, కాబట్టి ఆయనా ఏమీ చేయడు. భవనం అలా నిలబడి ఉంటుంది, వాన గట్టిగా పడితే కూలిపోతుంది కూడా. మిల్లు స్థలాల పంపకంలో కార్మికులకి న్యాయం జరిగిందా అంటే, నా ఉద్దేశంలో జరగలేదు. కానీ ఈ వేళ ప్రశ్న అది కాదు.

ఇదే సంగతి హైదరాబాదులో. అబిడ్స్, కోఠీ, సుల్తాన్‌బజార్ ఒకప్పటి నడిబొడ్డు. టవర్లు ఎక్కడ లేచాయి? కోకాపేటలో, నానక్‌రాంగూడలో. నేను అక్కడ పనిచేసినప్పుడు అవి రాళ్ళగుట్టలు. సర్కారు ఎకరాల కొద్దీ చదును చేసి, వెడల్పు రోడ్లు వేసి, వేలం వేసింది. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటింది. అంత పెట్టి కొన్నవాడు పదంతస్తులతో ఆగుతాడా? ఇంకో సంగతి, 2006లో జీవో 86 వచ్చినప్పటి నుంచి అక్కడ ఎఫ్.ఎస్.ఐ. పరిమితి తీసేశారు.

ఎఫ్.ఎస్.ఐ. అంటే తెలియని వాళ్ళకి చెప్తాను. వంద గజాల స్థలం ఉందనుకోండి. ఎఫ్.ఎస్.ఐ. రెండంటే అన్ని అంతస్తులూ కలిపి రెండొందల గజాలు కట్టుకోవచ్చు. స్థలమంతా కప్పేస్తే రెండంతస్తులు, సగం వదిలితే నాలుగు. బొంబాయి దీవి నగరంలో 1991 నిబంధనల ప్రకారం అది 1.33 మాత్రమే ఉండేది. హైదరాబాదులో దాన్ని వదిలేసి, ముందు రోడ్డు ఎంత వెడల్పు, చుట్టూ ఎంత ఖాళీ వదిలారు అన్నదాన్ని బట్టి ఎత్తు ఇచ్చారు. మన ఒడిశాలో 2020 నాటి నిబంధనల్లో కూడా ఎంత కట్టచ్చన్నది రోడ్డు వెడల్పుతో ముడిపడి ఉంది.

రోడ్డు వెడల్పు అనగానే నాకు వాషింగ్టన్ గుర్తొస్తుంది. అమెరికా రాజధానిలో టవర్లు లేవు. పార్లమెంటు గుమ్మటం కన్నా ఎత్తు కట్టకూడదని చట్టం ఉందని అక్కడ టాక్సీవాడు కూడా చెప్తాడు. మన పల్లెల్లో గుడి శిఖరం కన్నా మేడ ఎత్తుండకూడదు అన్నట్టు. అది తప్పు. 1894లో కైరో అనే అపార్టుమెంటు భవనం 164 అడుగులు లేచింది. ఇరుగుపొరుగు గగ్గోలు పెట్టారు, అగ్నిమాపక నిచ్చెనలు అంత ఎత్తు అందవన్నారు. 1899లో ఒకటి, 1910లో ఇంకొకటి చట్టాలు వచ్చాయి. రోడ్డు వెడల్పు ఎంతో దానికి ఇరవై అడుగులు కలుపుకో, అంత ఎత్తు కట్టుకో. ఎంత వెడల్పు రోడ్డైనా మామూలుగా 130 అడుగులు దాటకు. నూరేళ్ళు దాటినా అదే నడుస్తోంది. టవర్లన్నీ నది దాటి అవతలి రాష్ట్రంలో లేచాయి. పారిస్ కూడా ఇంచుమించు ఇదే పని చేసింది. 1973లో నడిఊళ్ళో 210 మీటర్ల మోంపర్నాస్ టవర్ కట్టి, జనం తిట్టుకుని, 1977లో 37 మీటర్ల గీత గీసి, టవర్లని ఊరి బయట లా దెఫాన్స్‌కి తోలేసింది.

మన వీధులకి వాషింగ్టన్ సూత్రం వేసి చూడండి. పదిహేనడుగుల వీధి, దానికి ఇరవై కలిపితే ముప్ఫై ఐదు అడుగులు. అంటే మూడంతస్తులు. ఇప్పుడు మనకున్నవి సరిగ్గా అవే! (నవ్వులు, చప్పట్లు)

ఇక మా ఇంటి కథ. మాది దేరా వాళ్ళ వీధి, అంటే నేతగాళ్ళ వీధి. మా తాతగారి ఇల్లు వెడల్పు పదకొండు అడుగులు. పొడుగు నూటయాభైకి పైమాటే. ముందు అరుగు, తరవాత గది, గది వెనక గది, మధ్యలో మగ్గం, వెనక బావి. అటు గోడా ఇటు గోడా పక్కింటి వాళ్ళతో ఉమ్మడి. మగ్గం అంటే గుంట మగ్గం, నేతగాడి కాళ్ళు నేలలోకి దిగి ఉండాలి. దాన్ని మేడ మీదికి ఎలా ఎక్కిస్తారు? ఆ ఇల్లు పుట్టుకతోనే నేలకి అతుక్కుంది. దానికి చుట్టూ సెట్‌బ్యాక్, అంటే ఖాళీ స్థలం, వదలమంటే, పదకొండు అడుగుల్లో అటు ఐదు ఇటు ఐదు వదిలాక మిగిలే ఒక్క అడుగులో ఏం కట్టాలి?

ఒక బిల్డరు వచ్చాడు. పేరు వద్దు. మా ఇల్లు, అటు రెండు, ఇటు రెండు, మొత్తం ఐదు ఇళ్ళు కలిపితే యాభై ఐదు అడుగుల ముఖం వస్తుంది, ఎనిమిది అంతస్తులు వేసి అందరికీ ఫ్లాట్లు ఇస్తానన్నాడు. నాకు ఉత్సాహం వచ్చింది, జన్మంతా పరాయివాళ్ళ టవర్లకే లెక్కలు కట్టాను కదా. కూర్చుని వారసుల లిస్టు రాశాను. పద్దెనిమిది సంతకాలు కావాలి. ఇద్దరు సూరత్‌లో పవర్‌లూమ్ మీద ఉన్నారు. ఒకడు శాన్ హోసేలో, మా బావగారి కొడుకే. ఒకావిడ పుట్టింటి వాటా రాసిచ్చానని అన్నలంటారు, లేదని ఆవిడంటుంది. పాత దస్తావేజు తెలుగులో ఉంది, కొత్త పట్టా ఒడియాలో ఉంది, రెండిట్లో హద్దులు కలవవు. పదిహేడు సంతకాల దాకా ఎలాగో వచ్చాను. పద్దెనిమిదో ఆయన మా చిన్నాన్న. ఆయనకి ఎనభై ఏళ్ళు. "అన్నీ బాగానే ఉన్నాయిరా. ఠాకురాణి యాత్రకి అమ్మవారు పుట్టింటికొచ్చినప్పుడు ఘటాలు మన గుమ్మం ముందు ఆగుతాయి. ఎనిమిదో అంతస్తులో ఉంటే నీళ్ళు ఎక్కణ్ణించి పోస్తావు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. బిల్డరు అస్కా రోడ్డు వైపు ఒకే యజమాని ఉన్న స్థలం చూసుకుని వెళ్ళిపోయాడు.

హాంకాంగ్‌లో ఈ బాధ లేదు. ఒక్క చర్చి స్థలం తప్ప అక్కడ భూమంతా సర్కారుదే, లీజుకిస్తారు. కొండలు పోగా మిగిలిన కాస్త చదును నేలని కావలసినంత కొలతలో కోసి వేలం వేస్తారు. సంతకం పెట్టాల్సిన చిన్నాన్న ఉండడు. అలాంటి ఊరు నాకు కావాలా అంటే, చెప్పలేను. ఉద్యోగంలో ఉన్నప్పుడు కావాలనేవాణ్ణి.

ఇంతటితో ఆపి ప్రశ్నలు తీసుకుంటాను. అమ్మా, మీరు.

(సభలోంచి ఒకావిడ: "మా ఇల్లూ అలాంటిదేనండీ. మావారు, ఆయన అన్నదమ్ములు, నలుగురు వాటాదార్లు. అంత పెద్దది కాదు గానీ, పక్కిల్లు కూడా కలుపుకుని నాలుగంతస్తులు వేసి లిఫ్టు పెట్టుకోవచ్చా? అత్తగారు మెట్లెక్కలేరు.")

పక్కిల్లు కలిస్తే అవకాశం ఉందమ్మా. ఎత్తు పదిహేను మీటర్లకి లోపల ఉంచుకోండి, అది దాటితే హైరైజ్ కిందకి వస్తుంది, ఫైరు వాళ్ళ నిబంధనలు పెరుగుతాయి. పాత ఉమ్మడి గోడ మీద కొత్త బరువు వేయనివ్వకండి, మేస్త్రీ ఎంత నమ్మకంగా చెప్పినా సరే, లోపల వేరే స్తంభాలు లేపించండి. నలుగురు మనుషులు పట్టే చిన్న లిఫ్టు సరిపోతుంది. ముందు ఆ నలుగురి సంతకాలూ ఒక కాగితం మీద పడనివ్వండి. లిఫ్టు ఎక్కడ పెట్టాలో నేనే వచ్చి చూస్తాను.